కంప్యూటరుకు కొత్త నిర్వహణ వ్యవస్థ: మారుటకు ముందు అడుగవలసిన ప్రశ్న

2017వ సంవత్సరము మే 12వ తేదీన అనేక దేశములలో కంప్యూటర్ల తెరలపై ఒక ఎర్రని ప్రకటన ప్రత్యక్షమైనది. యంత్రములోని పత్రములన్నియు రహస్యలిపిలోనికి మార్చబడినవనియు, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ చెల్లించినగాని అవి తిరిగి రావనియు, మూడు దినములు దాటినచో సొమ్ము రెట్టింపగుననియు దాని సారాంశము. 'వానాక్రై' అని పేరుపడిన ఈ పీడ సుమారు 150 దేశములకు ప్రాకి, రెండు లక్షలకు పైగా యంత్రములను పట్టినది. ఆ మరునాటి వార్తలలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్ల ప్రసక్తి కూడ వచ్చినది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము జిల్లాలతో పాటు శ్రీకాకుళము జిల్లా పేరును అందులో ఉన్నది. ఎక్కడో పుట్టిన పీడ ఒక్క దినములో వంశధార తీరమునకు చేరుటకు రైలు అక్కరలేకపోయినది.

ఎనిమిదేండ్లు గడచినవి. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించినది. అందువలన పలాసలో జీడిపప్పు వర్తకుని గదిలోను, టెక్కలిలో దరఖాస్తులు పూర్తిచేసిపెట్టు దుకాణములోను, ఉద్దానపు ఉన్నత పాఠశాలలోని కంప్యూటరు గదిలోను ఒకే ప్రశ్న పుట్టుచున్నది: విండోస్ 11కు మారవలెనా, వద్దా?

దీనికి సాధారణముగా రెండు సమాధానములు వినవచ్చును. 'కొత్తది వచ్చిన తరువాత పాతదానిని పట్టుకొని వ్రేలాడుట ఎందుకు?' అని కొందరు. 'నడుచుచున్న బండిని ఆపి విప్పుట ఎందుకు?' అని మరికొందరు. రెండును తెలివైన మాటలవలెనే తోచును. కాని 2017 నాటి సంఘటనను గీటురాయిగా పెట్టి చూచినచో రెండును నిలువవు.

వ్యవస్థ చేయు పని

కంప్యూటరులో లెక్క కట్టు ప్రాసెసరు, జ్ఞాపకము, డిస్కు, తెర, మీటల పలక, ప్రింటరు వేర్వేరు పరికరములు. ఈ పరికరములకును, మనుష్యుడు వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని పంచిపెట్టునది ఆపరేటింగ్ సిస్టమ్. దానిని తెలుగున నిర్వహణ వ్యవస్థ అనవచ్చును. పలాస స్టేషనులో ఏ బండి ఆగవలెనో, ఏది సాగవలెనో, ఏది ఏ ప్లాట్‌ఫారము మీదికి రావలెనో నిర్ణయించు స్టేషను మాస్టరు వంటిది ఇది. బండ్లు ఆయన సొత్తు కావు. అయినను ఆయన అనుమతి లేనిదే ఏదియు కదలదు.

ఈ వ్యవస్థకు మరియొక పని కలదు. అది కావలి. ఏ ప్రోగ్రాము ఏ పత్రమును తాకవచ్చునో, బయటి నుండి వచ్చు సందేశములలో దేనిని లోపలికి రానీయవలెనో అదియే నిర్ణయించును. విండోస్ వంటి వ్యవస్థ కోట్ల కొలది పంక్తుల ఆదేశములతో కట్టినది. అంత పెద్ద కట్టడములో తప్పులు లేకుండుట అసాధ్యము. వానిలో కొన్ని తప్పులు దొంగలకు కన్నములగును. కన్నము బయటపడినప్పుడెల్ల తయారీదారు దానిని పూడ్చు మరమ్మతును ఇంటర్నెట్ ద్వారా పంపును. వాడుకలో దీనినే అప్‌డేట్ అందురు. 'మద్దతు' అనగా ఈ మరమ్మతులు పంపుదుమని తయారీదారు ఇచ్చిన మాట.

మద్దతు ముగిసినంత మాత్రమున యంత్రము ఆగదు. విండోస్ 10 కంప్యూటరు అక్టోబరు 14 నాడు ఎట్లు వెలిగినదో, 15 నాడును అట్లే వెలిగినది. మారినది ఒక్కటే: కొత్తగా బయటపడు కన్నములను పూడ్చువారు లేరు. ఇందులో ఒక చిక్కు కలదు. విండోస్ 10, విండోస్ 11 వ్యవస్థలకు లోపలి భాగములు చాలవరకు ఉమ్మడి. విండోస్ 11కు ఒక మరమ్మతు వెలువడినప్పుడు, దానిని విప్పి చూచిన దొంగకు 'పాత యింటిలో కన్నము ఇక్కడనే ఉండవచ్చును' అని తెలిసిపోవును. కావున మద్దతు లేని వ్యవస్థ ఉన్నచోటనే ఉండదు. నెల నెలకు బలహీనమగుచుండును.

2017 చెప్పిన పాఠము

వానాక్రై ప్రవేశించిన కన్నము, విండోస్‌లో ఒక యంత్రము మరియొక యంత్రముతో పత్రములు పంచుకొను భాగములో ఉన్నది. దానిని అమెరికా జాతీయ భద్రతా సంస్థ ముందుగానే కనిపెట్టి, తన పనికై రహస్యముగా ఒక సాధనమును తయారుచేసికొన్నది. ఆ సాధనము దొంగిలింపబడి 2017 ఏప్రిలులో లోకమునకు వెల్లడియైనది. కాని మైక్రోసాఫ్ట్ దానికి మరమ్మతును మార్చి 14వ తేదీననే విడుదల చేసినది. అనగా పీడ రాకకు దాదాపు రెండు నెలల ముందే మందు సిద్ధముగా ఉన్నది.

మరి ఎవరికి సోకినది? కాస్పర్‌స్కీ సంస్థ లెక్క ప్రకారము సోకిన యంత్రములలో సుమారు నూటికి 98 విండోస్ 7 వాడుచున్నవే. ఆనాటికి విండోస్ 7 మద్దతు కోల్పోయిన వ్యవస్థ కాదు. దానికి 2020 జనవరి 14 వరకు మద్దతు ఉన్నది. మందు ఇంటికి చేరినను మ్రింగనివారే ఎక్కువగా పడినారు. మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసిన విండోస్ ఎక్స్‌పీ యంత్రములు ఈ పర్యాయము తక్కువగా సోకినవి. అది దాని బలము కాదు. పీడ దానిలో సరిగా పనిచేయక, యంత్రమే కూలిపోవుటచేత వ్యాపింపలేదు. అయినను ఆ సంస్థ ఎక్స్‌పీకి కూడ ఆ సమయమున అత్యవసర మరమ్మతును విడుదల చేయవలసివచ్చినది.

బ్రిటనులోని జాతీయ ఆరోగ్య సేవలో ఈ పీడవలన వేల సంఖ్యలో రోగుల నియామకములు రద్దైనవి. ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయము విచారించి చూడగా, సోకిన ఆసుపత్రి యంత్రములలో అధిక భాగము మద్దతు ఉండియు మరమ్మతు చేయని విండోస్ 7 యంత్రములే అని తేలినది. ఈ వార్త ఉద్దానము వారికి దూరపు కథ కాదు. కారణము ఇంకను పూర్తిగా తేలని మూత్రపిండముల జబ్బు ఈ ప్రాంతమును పీడించుచున్నది. డయాలిసిస్‌పై బ్రతుకు రోగికి వారమునకు రెండు మూడు పర్యాయములు ఆ చికిత్స జరుగవలెను. ఒక వారము వాయిదా వేయుటకు వీలులేని పని అది. అట్టి చోట రోగుల పట్టిక ఉన్న కంప్యూటరు తెర ఎర్రబారినచో నష్టము కాగితములతో పోదు.

కావున మొదటి నిర్ణయము ఇది. కొత్తదనము రక్షణ కాదు. పాతదనము అపరాధము కాదు. మరమ్మతులు వచ్చుచున్నవా, వచ్చినవి ఆ యంత్రములో చేరుచున్నవా అనునదే రక్షణ. 'మారవలెనా?' అనుటకు ముందు 'ఈ యంత్రమునకు ఎవరు, ఎంతకాలము కావలి కాయుదురు?' అని అడుగవలెను.

కొత్త వ్యవస్థ అడుగు అర్హతలు

విండోస్ 11 వెలువడినది 2021 అక్టోబరు 5న. అర్హత గల విండోస్ 10 యంత్రములకు అది ఉచితమే. కాని ఆ అర్హతలను కొంచెము పరీక్షింపవలెను. 64 బిట్ల ప్రాసెసరు, 4 గిగాబైట్ల జ్ఞాపకము, 64 గిగాబైట్ల డిస్కు స్థలము అను షరతులు సామాన్యమైనవే. వానిని మించి రెండు షరతులు కలవు. ఒకటి, టీపీఎం 2.0 అను భద్రతా భాగము. ఇది రహస్యపు తాళపు చెవులను ప్రధాన వ్యవస్థకు చిక్కకుండ వేరుగా దాచి, యంత్రము మేలుకొనునప్పుడు ఎవరైన మార్పు చేసినారేమో పరీక్షించుటకు తోడ్పడును. రెండవది, ప్రాసెసరు ఆ సంస్థ ప్రకటించిన జాబితాలో ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో స్థూలముగా చెప్పిన యెడల 2017 చివరి భాగములో వచ్చిన ఎనిమిదవ తరము, దాని తరువాతివి మాత్రమే అందు చేరినవి.

మొదటి షరతుకు సహేతుకమైన సమర్థన కలదు. తాళపు చెవులను వేరుగా దాచుట మంచి పద్ధతియే. రెండవ షరతు అంత సులభముగా సమర్థింపదగినది కాదు. 2016 జులై నుండి కొత్త విండోస్ 10 కంప్యూటర్లలో టీపీఎం 2.0 ఉండవలెనని విధించినది మైక్రోసాఫ్టే. అట్లు 2016, 2017 సంవత్సరములలో కొన్న అనేక యంత్రములలో ఆ భాగము ఉన్నను, ప్రాసెసరు ఒక తరము వెనుకబడినందున వానికి ద్వారము మూసుకొన్నది. అక్షరములు దిద్దించుటకు, లెక్కలు కట్టుటకు, భూగోళపు చిత్రములు చూపుటకు ఆ యంత్రములు నేటికిని చాలును. కెనలిస్ అను పరిశీలన సంస్థ 2023 డిసెంబరులో వేసిన అంచనా ప్రకారము ఈ విధముగా వాడుకకు దూరము కాగల కంప్యూటర్లు ప్రపంచమున 24 కోట్లు.

టెక్కలి ప్రాంతము వారికి ఇటువంటి మార్పు కొత్త కాదు. నౌపడ నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడి వైపు పోవు చిన్న గేజి రైలుమార్గము 1900 నాటిది. దానిని బ్రాడ్‌గేజిగా మార్చుటకు 2004లో చిన్న రైలును ఆపినారు. గుణుపురము వరకు పెద్ద రైలు నడచుసరికి 2011 వచ్చినది. మార్పు మేలుకే జరిగినది. నేడు ఆ మార్గము దేశపు ప్రధాన మార్గముతో కలిసినది. కాని రెండు సంగతులు మరువరానివి. పాత పెట్టెలలో ఒక్కటియు కొత్త పట్టాలపై నడువలేదు. నడుమ ఏండ్ల తరబడి ఆ ఊళ్ళ వారికి రైలు లేదు. గేజి మార్చువారు పట్టాల ఖర్చుతో పాటు పెట్టెల ఖర్చును, నడుమ ఆగిన ప్రయాణమును కూడ లెక్కలో వేసికొనవలెను. కంప్యూటరు విషయమును అంతియే.

అయితే రైలు పట్టాల వెడల్పు ప్రకృతి ధర్మమువంటి అడ్డంకి. విండోస్ 10కు మరమ్మతులు ఆగుట అట్టిది కాదు. డబ్బు చెల్లించు సంస్థలకు అదనపు భద్రతా మరమ్మతులను 2028 అక్టోబరు వరకు ఇచ్చునట్లు మైక్రోసాఫ్ట్ ఏర్పాటు చేసినది. సాధారణ సంస్థలకు మొదటి సంవత్సరము యంత్రమునకు 61 డాలర్లు, ఏటేట రెట్టింపు. విద్యాసంస్థలకు మాత్రము మొదటి సంవత్సరము ఒక డాలరు, రెండవ ఏట రెండు, మూడవ ఏట నాలుగు. ఇంటి వాడుకదారులకు 2026 అక్టోబరు 13 వరకు గడువు. 30 డాలర్లు చెల్లించుటయో, సంస్థ ఖాతాలో చేరి యంత్రపు అమరికలను దానిలో దాచుకొనుటయో షరతు. యూరపులో వినియోగదారుల సంఘములు పట్టుపట్టగా ఆ దాచుకొను షరతు లేకుండనే అక్కడివారికి ఉచితముగా ఇచ్చుటకు అంగీకరించినది. కావున మరమ్మతు తయారగుచునే ఉన్నది. ఎవరికి ఏ ధరకు అనునది వ్యాపార నిర్ణయము. అడిగినవారికి కొంత దొరికినది కూడ.

ఇచ్చట ఆ సంస్థ పక్షమునను ఒక మాట చెప్పవలెను. ప్రతి మరమ్మతును ప్రతి పాత వ్యవస్థలోను పరీక్షించుట శ్రమతో కూడిన పని. ఏ తయారీదారును శాశ్వతముగా కావలి కాయలేడు. లినక్సు వ్యవస్థలకును గడువులు కలవు: ఉబుంటు 24.04కు సాధారణ మద్దతు అయిదేండ్లు మాత్రమే. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 పాతకాలపు 32 బిట్ల యంత్రములలో కొత్తగా స్థాపించు ఏర్పాటును మానివేసినది. భేదము ఏమనగా, అక్కడ గడువు తీరిన పిమ్మట తరువాతి రూపమునకు పోవుటకు సొమ్ము అక్కరలేదు. పదేండ్ల నాటి 64 బిట్ల యంత్రమును అది సాధారణముగా త్రోసిపుచ్చదు.

తెలుగు వ్రాతకు కలుగు లాభమెంత?

కొత్త వ్యవస్థవలన తెలుగు బాగుపడునని కొందరు ఆశింతురు. ఈ ఆశ కొంత ఆలస్యముగా పుట్టినది. తెలుగు లిపికి యూనికోడ్‌లో స్థానము 1991లోనే దొరికినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అను తెలుగు అక్షరరూపముతో వచ్చినది. ఇంగ్లీషు అక్షరముల ఉచ్చారణను బట్టి తెలుగు టైపు చేయు సౌకర్యము 2019లో విండోస్ 10కే చేరినది. కావున తెలుగు కొరకు మాత్రమే విండోస్ 11కు పోనక్కరలేదు.

అసలు చిక్కు వేరు. పెండ్లి శుభలేఖలు, కరపత్రములు, ప్రశ్నపత్రములు తయారుచేయు డి.టి.పి. కేంద్రములలో యూనికోడ్ కాని అను ఫాంట్లు, పేజీమేకరు నేటికిని కలవు. పేజీమేకరు చివరి రూపము 2001 నాటిది. విండోస్ 11కు 32 బిట్ల రూపము లేనందున, డాస్ కాలపు 16 బిట్ల లెక్కల ప్రోగ్రాములు దానిలో నేరుగా నడువవు. ఇట్టి ప్రోగ్రాముల కొరకు పాత వ్యవస్థను ఉంచువారిని తప్పుపట్టరాదు. కాని ఆ యంత్రము ఇంటర్నెట్‌కు దూరముగా ఉండవలెను. పాత పత్రములను మెల్లగా యూనికోడ్‌లోనికి మార్చుకొనవలెను. లేనిచో ఆ యంత్రము చెడిన నాడు ఇరువది ఏండ్ల ప్రశ్నపత్రములు చదువరాని గుర్తులుగా మిగులును.

ఎవరు మారవలెను?

పలాస వర్తకుని యంత్రములో బ్యాంకు, జీఎస్‌టీ పనులు జరుగును. సొమ్ము, ఇంటర్నెట్ రెండును కలిసిన చోట మద్దతు లేని వ్యవస్థ తగదు. యంత్రమునకు అర్హత ఉన్నచో విండోస్ 11కు మారవలెను. లేనిచో అదనపు మరమ్మతుల గడువును వాడుకొని, ఆ లోపల కొత్త యంత్రమునకు సొమ్ము కూడబెట్టుకొనవలెను.

టెక్కలి దుకాణములో ఇతరుల ఆధారు కాగితములు, సర్టిఫికెట్లు ఉండును. అక్కడ కావలి యజమానికి మాత్రమే కాదు, గుమ్మము త్రొక్కిన ప్రతివానికిని కావలెను. వేలిముద్ర పరికరములు, స్కానర్ల ప్రోగ్రాములు చాలవరకు విండోస్‌కే తయారైనందున లినక్సుకు పోవుట వారికి సులభము కాదు. వారు కూడ విండోస్ 11కు మారుట మేలు. కాని పరికరముల తయారీదారు కొత్త వ్యవస్థకు తగిన ప్రోగ్రాము ఇచ్చినాడో లేదో ముందు తెలిసికొనవలెను.

ఆసుపత్రులలో కొన్ని పరీక్షాయంత్రములు వానితో వచ్చిన పాత వ్యవస్థతోనే నడుచును. వానిని ఇష్టమువచ్చినట్లు మార్చరాదు. తయారీదారు అంగీకారము వలయును. మార్చలేని యంత్రమును తక్కిన వల నుండి వేరుచేసి ఉంచుటయే మార్గము.

ఉద్దానపు పాఠశాల సంగతి వేరు. అక్కడి కంప్యూటర్లలో దొంగిలింపదగిన సొమ్ము లేదు. నేర్వవలసిన పిల్లలు కలరు. అర్హత లేని పది యంత్రములను మూలపడవేసి రెండు కొత్తవి తెచ్చినచో లెక్క తప్పినట్లే. ఒక్కొక్క యంత్రము ముందు కూర్చుండు పిల్లవాని వంతు అయిదవ భాగమునకు దిగును. ఇచ్చట లినక్సు మంచి మార్గము. కేరళ రాష్ట్రము తన పాఠశాలలకై ఉబుంటు మీద ఆధారపడిన వ్యవస్థను కైట్ సంస్థ ద్వారా తయారుచేయించి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే సమాచార సాంకేతిక విద్యను చెప్పించుచున్నది. తెలుగువారిలో 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో కనబడు లినక్సు వ్యవస్థకై కృషి చేసినది. లిబ్రే ఆఫీసును తెలుగు ముఖముతో వాడవచ్చును. కాని ఉపాధ్యాయులకు శిక్షణ, చెడినప్పుడు సరిచేయువారు లేక వ్యవస్థను మాత్రము మార్చి వెళ్ళినచో ఆ గదికి తాళము పడును. కేరళలో ఫలించినది వ్యవస్థ ఒక్కటియే కాదు. దానివెంట నడచిన శిక్షణ కూడ.

మార్పు జరుగవలసిన క్రమము

ఉద్దానపు కొబ్బరి రైతు ముసలి తోటను ఒక్కనాడు నరకివేయడు. పాత చెట్ల నడుమ కొత్త మొక్కలు నాటి, అవి నిలద్రొక్కుకొన్న పిమ్మట ముసలివానిని తీయును. కంప్యూటరు గదిలోను అట్లే చేయవచ్చును. లినక్సును యంత్రములో స్థాపింపకయే పెన్‌డ్రైవు నుండి నడిపి, శబ్దము, ప్రింటరు, ఇంటర్నెట్ పనిచేయుచున్నవేమో చూడవచ్చును. విండోస్ 11కు మారినవారు పది దినములలోపల వెనుకకు పోవుటకు వీలు కలదు. ముందు ఒక్క యంత్రమును మార్చి, కొన్నాళ్ళు వాడి, తరువాత తక్కినవానిని మార్చుట వివేకము.

అన్నింటికి ముందు పత్రముల నకలు తీయవలెను. ఆ నకలు అదే గదిలో ఉండరాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలినవి. స్తంభములు పడి కరెంటు పోయినది. గాలివాన దొంగకంటె నిష్పక్షపాతి. కొత్త యంత్రమును, పాత యంత్రమును సమానముగా తడుపును. వ్యవస్థ మార్పు నడుచుచుండగా కరెంటు పోకుండ యూపీఎస్ కూడ ఉండవలెను. హార్డ్ డిస్కు ఉన్న పాత యంత్రమునకు దాని స్థానమున ఎస్‌ఎస్‌డీ అమర్చినచో, కొత్త వ్యవస్థ ఇచ్చు వేగము కంటె ఎక్కువ వేగము తక్కువ ఖర్చుతో దొరకవచ్చును.

పాఠశాలలో ఈ పరిశీలనను ఒక ప్రయోగపాఠముగా జరుపవచ్చును. విద్యార్థులు ఒక్కొక్క యంత్రమునకు ఒక వరుస చొప్పున పట్టిక గీయవలెను: కొన్న సంవత్సరము, ప్రాసెసరు, జ్ఞాపకము, ఇంటర్నెట్ ఉన్నదా లేదా, వాడు ప్రోగ్రాములు, చివరి మరమ్మతు చేరిన తేదీ, మద్దతు ముగియు తేదీ. పీసీ హెల్త్ చెక్ అను మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రాము విండోస్ 11 అర్హతను చెప్పును. టీపీఎం లేదని చెప్పిన యంత్రములో అది కొన్నిసార్లు అమరికలలో ఆపివేయబడి ఉండును. దానిని కూడ చూడవలెను. పట్టిక పూర్తి అగుసరికి ఏ యంత్రమును మార్చవలెనో, దేనికి లినక్సు పెట్టవలెనో, దేనిని ఇంటర్నెట్ నుండి విడదీయవలెనో చాలవరకు తెలిసిపోవును.

ఆ పట్టికలో అన్నింటికంటె ముఖ్యమైనది చివరి మరమ్మతు తేదీ. శ్రీకాకుళము జిల్లా పేరు 2017 మే నెలలో ప్రపంచవార్తలలోనికి ఎక్కిన దినమున లోకమునకు కొరతపడినది కొత్త వ్యవస్థ కాదు. ఆ తేదీని చూచినవారు.